మాటకు చోటిచ్చే సంగీతం: ఇంటి నుంచే టీవీకి నేపథ్య స్వరాలు

టీవీ ధారావాహికలో అత్తగారు ఒక ఉత్తరం చదువుతూ ఉంటుంది. కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరిలో ఎవరూ నోరు విప్పరు. అయినా ఏదో జరగబోతోందని చూసేవారికి తెలిసిపోతుంది. ఆ సంగతి చెప్పేది వెనుక సన్నగా సాగే సంగీతం. చిత్రరంగంలోనూ టీవీలోనూ దీన్ని రీరికార్డింగ్ అనీ, క్లుప్తంగా ‘ఆర్ఆర్’ అనీ పిలుస్తారు. పాట అయితే శ్రోత దాన్ని గుర్తుపెట్టుకుంటాడు. ఆర్ఆర్ మాత్రం విన్నట్టే తెలియకుండా పని చేసి వెళ్లిపోతుంది.

ఒకప్పుడు ఈ పనికి పెద్ద స్టూడియో, వాద్యబృందం, టేపు యంత్రాలు కావలసి వచ్చేవి. వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ‘మిడి’ ప్రమాణం 1983లో వచ్చింది. ఆ తరువాత వాద్యాల ధ్వనులను ముక్కలుగా రికార్డు చేసి కీబోర్డు మెట్ల మీద అమర్చే ‘సాంపిల్’ పద్ధతి చవకైంది. నేడు ఒక కంప్యూటరు, కీబోర్డు, మంచి హెడ్‌ఫోన్లు, ఇంటర్నెట్ ఉంటే హైదరాబాదుకో ముంబైకో వెళ్లకుండానే ఈ పని చేయవచ్చు.

అయితే ఇంటి గదిలో కట్టిన బాణీ టీవీలో నిలబడాలన్నా, దానికి డబ్బు రావాలన్నా స్వరజ్ఞానం ఒక్కటే చాలదు. గదిలో ఎంత చప్పుడు ఉంది, దృశ్యంలో ఏ క్షణానికి ఏ దెబ్బ పడాలి, మాట కింద సంగీతం ఎంత స్థాయిలో ఉండాలి అన్న మూడు కొలతలు తెలియాలి. నాలుగోది ఒక కాగితం. ఈ నాలుగింటినీ ఒక కష్టమైన చోట పెట్టి చూస్తే విషయం సులువుగా అర్థమవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్ అలాంటి చోటు.

రైలు పట్టణంలో తెలుగు ఇళ్లు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు దాని ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. రాయపూర్ నుంచి విజయనగరం వెళ్లే మార్గం 1931లో పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ నేరుగా రైలు దారి ఏర్పడింది. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఈ పట్టణమే కేంద్రమైంది.

హౌరా–ముంబై మార్గంలోని ఈ కూడలి గుండా ప్రయాణికుల బండ్లతోపాటు కోర్బా బొగ్గు మోసే గూడ్సు బండ్లు కూడా రాత్రీ పగలూ నడుస్తాయి. పట్టాలకు దగ్గరలో ఉన్న ఇంట్లో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న ఒక గదిని ఉదాహరణగా తీసుకుందాం. మన కొలతలన్నీ ఆ గదిలోనే.

గదిలోకి వచ్చే రైలు

ధ్వని స్థాయిని డెసిబెల్‌లలో కొలుస్తారు. ఇది మామూలు కూడికల లెక్క కాదు. 10 డెసిబెల్‌లు పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లు, 20 పెరిగితే వంద రెట్లు అవుతుంది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో సగటు ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు మించకూడదు. మైకు ముందు వేణువు వాయించి రికార్డు చేయాలంటే గదిలో అంతకంటే చాలా తక్కువ చప్పుడు ఉండాలి. లేకపోతే స్వరం ఆగిన చోటల్లా రైలు హోరు వినిపిస్తుంది.

చాలామంది మొదట చేసే పని గోడలకు గుడ్ల అట్టలో, పలుచటి ఫోమో అంటించడం. అవి గదిలో పుట్టిన ధ్వనిలో పై స్థాయి పౌనఃపున్యాలను కొంత పీల్చుకుంటాయి. బయటి రైలును మాత్రం ఆపలేవు. బయటి ధ్వనిని ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే దాన్ని దాటి వచ్చే ధ్వని సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. పౌనఃపున్యం సగానికి తగ్గితే అదే గోడ రక్షణ కూడా సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. అందుకే హారన్ కీచు కంటే గూడ్సు బండి గుడగుడే గదిలోకి ఎక్కువగా చొరబడుతుంది.

బరువు కంటే ముందు చూడవలసింది సందులను. వంద చదరపు అడుగుల గోడ 40 డెసిబెల్‌లు ఆపగలదనుకుందాం. అందులో ఒక్క చదరపు అడుగు కిటికీ సందు తెరిచి ఉంటే, బయటి ధ్వనిశక్తిలో నూరో వంతు నేరుగా లోపలికి వస్తుంది. అప్పుడు ఆ గోడ మొత్తం ఆపేది 20 డెసిబెల్‌లే. అంటే గోడకు మరో వరస ఇటుక కట్టడం కంటే కిటికీ రెక్కల చుట్టూ రబ్బరు పట్టీ వేయడం, తలుపు కింద సందు మూయడం ముందు చేయవలసిన పనులు.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. సాంపిల్ వాద్యాలు కంప్యూటరు లోపలే మోగుతాయి కాబట్టి వాటికి రైలు చప్పుడు అంటదు. తీగవాద్యాల వరసలు, తాళవాద్యాలు ఎప్పుడైనా అమర్చుకోవచ్చు. మైకు అవసరమైన వేణువు, వయొలిన్, గొంతు మాత్రం బండ్లు తక్కువగా ఉండే వేళకు దాచుకోవాలి. చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసుకుంటే మధ్యలో బండి వచ్చినా ఒక్క ముక్కే పోతుంది.

గది తానే పాడే స్వరాలు

బయటి చప్పుడు తగ్గాక గది స్వభావం బయటపడుతుంది. ఎదురెదురు గోడల మధ్య ధ్వని తరంగం అటూ ఇటూ తిరుగుతూ కొన్ని పౌనఃపున్యాల దగ్గర నిలిచిపోతుంది. ధ్వని వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపు సంఖ్యతో భాగిస్తే మొదటి నిలువ తరంగం పౌనఃపున్యం వస్తుంది. పది అడుగులంటే 3.05 మీటర్లు. 343 ÷ 6.1 = సుమారు 56 హెర్ట్జ్. పన్నెండు అడుగుల వైపు అది సుమారు 47 హెర్ట్జ్. మన గదిలో వెడల్పూ ఎత్తూ సమానం కాబట్టి 56 హెర్ట్జ్ దగ్గర రెండు తరంగాలు కలిసి మరింత బలపడతాయి.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. గోడకు ఆనుకుని కూర్చుంటే మంద్రస్వరాలు గుమ్మంటాయి. సరిగ్గా మధ్యలో కూర్చుంటే అవే స్వరాలు మాయమవుతాయి. మొదటి చోట కూర్చున్నవారు మంద్రాన్ని అనవసరంగా తగ్గిస్తారు, రెండో చోట కూర్చున్నవారు అనవసరంగా పెంచుతారు. గది చేసిన తప్పు సంగీతంలో అచ్చయిపోతుంది. గది పొడవులో సుమారు మూడో వంతు దగ్గర కూర్చోవడం, మూలల్లో చుట్టిన పరుపులు నిలబెట్టడం, పుస్తకాల అల్మరా ఒక గోడకు చేర్చడం కొంత ఉపశమనం ఇస్తాయి. పలుచని ఫోము ఇక్కడ కూడా పనికిరాదు. 56 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లకు పైనే ఉంటుంది. అంగుళం మందం ఫోము దానికి అడ్డే కాదు.

ఇంట్లో టీవీ స్పీకర్లు ఇంకో పరీక్ష. పలుచటి టీవీలోని చిన్న స్పీకరు 55 హెర్ట్జ్ స్వరాన్ని దాదాపు పలకలేదు. అయినా ఆ స్వరం ఉన్నట్టు చెవికి అనిపించేలా చేయవచ్చు. 110, 165, 220 హెర్ట్జ్ అనుస్వరాలు కలిసి వినబడితే, వాటికి మూలమైన 55 హెర్ట్జ్ లేకపోయినా మెదడు దాన్ని ఊహించుకుంటుంది. దీన్ని ‘లోపించిన మూలస్వరం’ అంటారు. అందుకే మంద్రంలో ఒక్క మూలస్వరమే ఉన్న ఎలక్ట్రానిక్ బేస్ టీవీలో తేలిపోతుంది, అనుస్వరాలు నిండిన తంబురా నిలబడుతుంది.

తంబురా అనుస్వరాల మీద సి.వి.రామన్ పరిశోధన చేశారు. వంపు తిరిగిన మేరువు, దాని మీద తీగ కింద ఉంచే సన్నని దారం కలిసి అనుస్వరాలను ఎలా పెంచుతాయో ఆయన 1920ల తొలినాళ్లలో పరిశీలించారు. మృదంగం కుడివైపు మూత మీది నల్లని కరణి వల్ల డోలుకు సైతం తీగవాద్యంలా క్రమమైన అనుస్వరాలు వస్తాయని 1920లో ‘నేచర్’ పత్రికలో వివరించారు. చిన్న స్పీకరులోనూ మన వాద్యాలు గట్టిగా నిలబడటానికి కారణం అక్కడే ఉంది.

ఎండాకాలంలో వేణువు శ్రుతి

బిలాస్‌పూర్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 355 మీటర్లు. వేణువులో స్వరాన్ని నిర్ణయించేది లోపలి గాలి స్తంభం పొడవూ, అందులో ధ్వని వేగమూ. పొడవు మారకుండా వేగం మూడున్నర శాతం పెరిగితే శ్రుతి కూడా అంతే పెరుగుతుంది. అంటే కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సగానికి కాస్త పైగా. వాయించేవారి ఊపిరి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కాబట్టి నిజంలో తేడా ఇంత ఉండదు. అయినా సాంపిల్ వాద్యాలతో కలిపితే చెవికి తెలిసేంత ఉంటుంది.

సాంపిల్ వాద్యాలకు ఎండ తగలదు. అవి ఎప్పుడో ఒక స్టూడియోలో కుదిర్చిన శ్రుతిలోనే ఉంటాయి. కాబట్టి మే నెలలో ఫ్యాను ఆపి, తలుపులు మూసి వేణువు రికార్డు చేసేవారు ముందుగా శ్రుతి సరిచూసుకోవాలి. గది వేడెక్కుతున్న కొద్దీ మళ్లీ చూసుకోవాలి.

ఫ్రేముతో లయకు లెక్క

రెండో కొలత సమయం. మన దేశంలో టీవీ చిత్రం సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. టీవీ ధ్వనిని సాధారణంగా సెకనుకు 48,000 నమూనాలుగా నమోదు చేస్తారు. మనిషి చెవి వినగల గరిష్ఠ పౌనఃపున్యం సుమారు 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కంటే ఎక్కువ నమూనాలు ఉంటే ధ్వనిని తిరిగి పూర్తిగా నిర్మించవచ్చన్నది సిద్ధాంతం. 48,000ను 25తో భాగిస్తే ఫ్రేముకు సరిగ్గా 1,920 నమూనాలు వస్తాయి.

సంగీతం సీడీలకు వాడే 44,100 నమూనాల లెక్కలో తయారైన ఫైలును మార్చకుండా 48,000 లెక్కలో నడిపితే ఏమవుతుంది? నిమిషం నిడివి ఉన్న ముక్క సుమారు 55 సెకన్లకే ముగుస్తుంది. శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర మెట్టు పైకి జరుగుతుంది. పని మొదలుపెట్టే ముందే నమూనాల సంఖ్య సరిచూసుకోవడం అందుకే.

ఇక లయ. సన్నివేశం మొదలైన 14 సెకన్ల 10 ఫ్రేములకు తలుపు తెరుచుకుంటుందని అనుకుందాం. అంటే 14.4 సెకన్లు. నిమిషానికి 100 దెబ్బల లయ పెడితే ఒక్కో దెబ్బకు 0.6 సెకను, అంటే 15 ఫ్రేములు. 14.4 ÷ 0.6 = 24. చతురశ్ర గతిలో సరిగ్గా ఆరు ఆవర్తాలు ముగిసి, ఏడో ఆవర్తం మొదటి దెబ్బ తలుపు మీద పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల లయ పెడితే దెబ్బకు పన్నెండున్నర ఫ్రేములు. 14.4 సెకన్లకు 28.8 దెబ్బలు వస్తాయి, అంటే దెబ్బ తలుపును తప్పిపోతుంది. అనుభవం ఉన్నవారు సన్నివేశంలో ముఖ్యమైన క్షణాలను ముందు రాసుకుని, వాటిలో ఎక్కువ వాటికి సరిపోయే లయను లెక్కగట్టి ఎంచుకుంటారు. బాణీ ఆ తరువాత వస్తుంది.

ఎంత తేడాను చూసేవారు పట్టుకుంటారు? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం సూచన ప్రకారం, చిత్రం కంటే ధ్వని సుమారు 45 మిల్లీసెకన్లు ముందుగా వస్తే తేడా తెలుస్తుంది. ఆలస్యంగా వస్తే మాత్రం 125 మిల్లీసెకన్ల వరకు తెలియదు. ఈ వ్యత్యాసానికి కారణం నిత్యజీవితంలో ఉందని భావిస్తారు. కాంతి కంటే ధ్వని చాలా నెమ్మది. ప్లాట్‌ఫారం మీద నిలబడి 343 మీటర్ల దూరంలోని ఇంజను హారన్ వింటే అది ఒక సెకను ఆలస్యంగానే చేరుతుంది. ఆలస్యపు ధ్వనికి మెదడు అలవాటు పడింది. ముందుగా వచ్చే ధ్వని ప్రకృతిలో లేదు. కాబట్టి సంగీతపు దెబ్బ ఒక ఫ్రేము ఆలస్యమైనా ఫరవాలేదు కానీ, రెండు ఫ్రేములు ముందు పడితే దొరికిపోతుంది.

మాట ముందు, సంగీతం వెనుక

మూడో కొలత స్థాయి. ‘పాలు’, ‘కాలు’ అన్న మాటల్లో అచ్చులు ఒకటే. తేడా అంతా మొదటి హల్లు పలికే కొన్ని పదుల మిల్లీసెకన్లలో ఉంది. హల్లులను వేరుచేసే ఇలాంటి ఆనవాళ్లు ఎక్కువగా 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. శ, ష, స లాంటి ఊష్మాలు ఇంకా పైకి వెళ్తాయి. అదే చోట వయొలిన్ల గుంపు గట్టిగా మోగితే ఆ సూక్ష్మమైన తేడా చెవికి అందదు. ఒక ధ్వని మరొక ధ్వనిని కప్పివేయడాన్ని శాస్త్రవేత్తలు ‘ఆచ్ఛాదనం’ అంటారు. గట్టిగా మోగే మంద్రధ్వని తనకంటే పై స్థాయి ధ్వనులను కప్పేయడం, పై ధ్వని కింది దాన్ని కప్పేయడం కంటే సులువు.

అందుకే అనుభవజ్ఞులు సంభాషణ ఉన్న చోట శ్రుతిని నిలకడగా మంద్రంలో ఉంచుతారు. గంటలు, జలతరంగిణి లాంటి మెరుపులను తారస్థాయికి పంపుతారు. మధ్యలో మాటకు చోటు వదులుతారు. స్వరం కదలికను మాటల మధ్య విరామాల్లో పెడతారు. ఎల్.వైద్యనాథన్ సంగీతం సమకూర్చిన ‘మాల్గుడి డేస్’ ధారావాహికను గుర్తున్నవారు ఇంత తక్కువ స్వరాలతో ఎంత చెప్పవచ్చో ఊహించగలరు.

ప్రసారంలో ధ్వని స్థాయికి ప్రత్యేక కొలమానం ఉంది. చెవికి వినిపించే బిగ్గరతనాన్ని లెక్కగట్టే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం 2006లో ప్రమాణంగా ప్రకటించింది. దీని ప్రమాణాన్ని ‘లఫ్స్’ అంటారు. యూరప్ ప్రసార సంస్థలు 2010లో కార్యక్రమం మొత్తానికి సగటున మైనస్ 23 లఫ్స్‌ను లక్ష్యంగా పెట్టుకున్నాయి, అమెరికాలో అది మైనస్ 24. పని ఇచ్చే ఛానల్ ఏ అంకె అడుగుతుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. సంగీతాన్ని అదేపనిగా బిగ్గరగా చేసి పంపితే లాభం లేదు. చివరి మిశ్రమంలో దాన్ని తగ్గించేస్తారు, నలిగిన నాణ్యత మాత్రం మిగిలిపోతుంది.

ఈ అంకె మాట, సంగీతం, చప్పుళ్లు కలిసిన మొత్తానికి వర్తిస్తుంది. అందువల్ల శ్రుతి, తాళం, ప్రధాన స్వరం వేటికవే విడి ట్రాక్‌లుగా పంపడం మంచిది. సంభాషణకు అడ్డొచ్చే వేణువును ఒక్కదాన్నే తగ్గించే వీలు మిక్సింగ్ చేసేవారికి దొరుకుతుంది. లేకపోతే సంగీతం మొత్తాన్నీ కిందికి దించేస్తారు.

చెవికీ ఓ హద్దు

రైలు వెళ్తున్నంతసేపూ హెడ్‌ఫోన్ల స్థాయి పెంచడం, వెళ్లాక తగ్గించడం మరచిపోవడం రైల్వే పట్టణంలో పెద్ద ప్రమాదం. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్‌లు సురక్షిత పరిమితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. స్థాయి 3 డెసిబెల్‌లు పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపవుతుంది కాబట్టి వినగల సమయం సగానికి, అంటే 20 గంటలకు తగ్గుతుంది. 86 దగ్గర 10 గంటలే. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి పెరగవు. చెవే పెట్టుబడి అయిన వృత్తిలో దీన్ని మించిన నష్టం లేదు. బండి వెళ్తుంటే చేయి ఆపి, వెళ్లాక వినడమే మేలు.

పారితోషికం ఒకసారి, రాయల్టీ పలుమార్లు

ఈ పనిలో రాబడి ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది, నిర్మాతో సంగీత దర్శకుడో అప్పగించిన పనికి ఇచ్చే పారితోషికం. రెండోది, ముందుగానే కట్టిన ముక్కలను మ్యూజిక్ లైబ్రరీలకు ఇస్తే వాడుకను బట్టి వచ్చే సొమ్ము. ఈ లైబ్రరీల వ్యాపారం పాతదే. లండన్‌లోని డి వోల్ఫ్ సంస్థ 1909లోనే మూకీ చిత్రాలకు స్వరలిపి అందిస్తూ మొదలైంది. మూడోది, ప్రసారమైన ప్రతిసారీ స్వరకర్తకు రావలసిన రాయల్టీ.

పారితోషికాన్ని గంటల్లోకి మార్చి చూడాలి. లెక్క కోసం, 12 నిమిషాల సంగీతానికి 30,000 రూపాయలు అనుకుందాం. నిమిషం సంగీతానికి ఐదు గంటల చొప్పున 60 గంటలు, దిద్దుబాట్లకు మరో 10 గంటలు పడితే గంటకు దక్కేది సుమారు 430 రూపాయలు. కరెంటు, పరికరాలు, సాంపిల్ వాద్యాల లైసెన్సు ఖర్చు అందులోంచే పోవాలి. దిద్దుబాట్లు ఎన్నిసార్లో ఒప్పందంలో రాసుకోకపోతే ఈ అంకె ఇంకా పడిపోతుంది.

రోజువారీ ధారావాహికల్లో ప్రతి ఎపిసోడ్‌కూ కొత్త సంగీతం కట్టరు. పాత్రలకూ భావాలకూ తగిన ముక్కల్ని మొదట్లోనే కొన్ని పదులు తయారు చేయించుకుని, వాటినే మార్చి మార్చి వందల ఎపిసోడ్లలో వాడతారు. పారితోషికం ఒకసారే వచ్చినా సంగీతం ఏళ్లపాటు పని చేస్తూనే ఉంటుంది. అందుకే రాయల్టీ కీలకం.

కాపీరైటు చట్టం, 1957 ప్రకారం బాణీ మీద హక్కు వేరు, దాని రికార్డింగ్ మీద హక్కు వేరు. బాణీ మీద హక్కు స్వరకర్త జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. 2012లో చట్టానికి చేసిన సవరణ ఒక పెద్ద మార్పు తెచ్చింది. సినిమా లేదా అలాంటి దృశ్య రికార్డింగ్‌లో చేరిన సంగీతాన్ని థియేటరు ప్రదర్శనకు కాక మరే రూపంలో వాడినా, ఆ రాయల్టీలో సమాన వాటా స్వరకర్తకు దక్కాలి. ఈ వాటాను వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అని ఒప్పందంలో ఉన్నా ఈ వాటా పోదు.

హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. సంతకానికి ముందు ఈ రెండు గళ్లూ చూసుకోవడం ఏ చిన్న ఊళ్లో ఉన్నవారికైనా సాధ్యమే.

క్యూ షీట్ అనే కాగితం

చట్టం హక్కు ఇస్తుంది కానీ, అది డబ్బుగా మారాలంటే ఎవరి సంగీతం ఎంతసేపు వచ్చిందో ఎక్కడో నమోదు కావాలి. ఆ నమోదు పత్రమే క్యూ షీట్. కార్యక్రమం పేరు, ఎపిసోడ్ సంఖ్య, ప్రసార తేదీ, ప్రతి సంగీత ముక్క పేరు, స్వరకర్త, హక్కుదారు, నిడివి, టైటిల్‌లో వచ్చిందా నేపథ్యంలో వచ్చిందా అన్న వివరాలు అందులో ఉంటాయి. స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969లో ఏర్పడింది, కొత్త చట్టం కింద 2017లో తిరిగి నమోదైంది. అందులో సభ్యత్వం తీసుకుని, ప్రతి ముక్కనూ తన పేరుతో నమోదు చేసుకుని, నిర్మాణ సంస్థ క్యూ షీట్‌లో ఆ పేరే రాసేలా చూసుకోవాలి. ‘విషాదం 3’ అనే పేరు వందమంది ఫైళ్లకు ఉండవచ్చు. ప్రత్యేకమైన పేరు పెట్టకపోతే సొమ్ము ఎవరికి చేరాలో తేలదు.

పేరు నమోదు కాకపోతే ఏమవుతుందో ఒక ప్రసిద్ధ ఉదాహరణ చెబుతుంది. 1963లో బీబీసీ ‘డాక్టర్ హూ’ ధారావాహిక ప్రారంభ సంగీతాన్ని రాన్ గ్రెయినర్ రచించారు. దాన్ని టేపు ముక్కలతో, ఎలక్ట్రానిక్ ధ్వనులతో వినసొంపుగా మలిచింది బీబీసీ ఉద్యోగిని డెలియా డెర్బీషైర్. ఆమెకు రాయల్టీలో వాటా దక్కాలని గ్రెయినరే కోరినా, సంస్థ నియమాలు ఒప్పుకోలేదు. తెర మీద ఆమె పేరు కనిపించింది 2013లో, ఆమె మరణించిన పన్నెండేళ్లకు.

క్యూ షీట్ భాష సరిహద్దు కూడా దాటాలి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ఉపగ్రహ టీవీ ప్రయోగం ఆంధ్రప్రదేశ్, నాటి మధ్యప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు చేరింది. అందులో ఒకే చిత్రానికి రెండు ధ్వని మార్గాలు ఉండేవి. ఒకే దృశ్యం రెండు భాషల్లో వినిపించే వీలు అప్పుడే వచ్చింది. నేడు ధారావాహికను మరో భాషలోకి డబ్ చేసేటప్పుడు మాటలు మారతాయి. సంగీతం, చప్పుళ్ల ట్రాక్ మాత్రం అలాగే ఉంటుంది. తెలుగులో వాడిన ముక్క హిందీలోనూ మోగుతుంది. రెండో భాష క్యూ షీట్‌లోనూ స్వరకర్త పేరు ఉందో లేదో అడగాలి.

స్థానిక స్వరాలు

బిలాస్‌పూర్‌లో ఉన్నవారికి ఒక అనుకూలత కూడా ఉంది. మాందర్ డోలు, పంథీ నృత్యం లయ, రావుత్ నాచ్ వాద్యాలు పెద్ద నగరాల సాంపిల్ సంచయాల్లో అంత సులువుగా దొరకవు. అవి ఆ చుట్టుపక్కల పల్లెల్లో సజీవంగా ఉన్నాయి. అయితే సంప్రదాయ బాణీని తన రచనగా నమోదు చేసుకోవడం సరికాదు. వాయించిన కళాకారుడికి చట్టం ‘ప్రదర్శకుని హక్కు’ను 50 ఏళ్లపాటు ఇస్తుంది. రికార్డు చేసే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోవడం, డబ్బు చెల్లించడం, క్యూ షీట్‌లో పేరు రాయించడం న్యాయం. తన పేరు కోసం పట్టుబట్టే స్వరకర్త పక్కవారి పేరు కూడా రాయాలి కదా.

పంపే ముందు ఒకసారి

– నమూనాల సంఖ్య 48,000, ఫ్రేములు 25 అని ఫైలులో సరిచూడాలి.
– ముఖ్యమైన ప్రతి క్షణానికీ సెకన్లు, ఫ్రేములు రాసుకుని దెబ్బలతో పోల్చాలి.
– చిన్న టీవీ స్పీకరులో, తక్కువ స్థాయిలో, సంభాషణతో కలిపి ఒకసారి వినాలి. ఏ మాటైనా రెండోసారి వినవలసి వస్తే అక్కడ స్వరం తగ్గించాలి.
– ఛానల్ కోరిన లఫ్స్ అంకె, విడి ట్రాక్‌లు సిద్ధంగా ఉండాలి. రెండు ఛానళ్లు, 24 బిట్ల లెక్కలో నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు అవుతుంది కాబట్టి పంపే సమయం కూడా చూసుకోవాలి.
– వాడిన సాంపిల్ వాద్యాలన్నిటికీ లైసెన్సు ఉండాలి. వేలమంది వాడే తయారీ లూపును సొంత బాణీగా నమోదు చేయకూడదు.
– ఒప్పందంలో కాలం, ప్రాంతం, దిద్దుబాట్ల సంఖ్య ఉండాలి.
– ఫైలుతోపాటు ముక్కల పేర్లు, నిడివి, స్వరకర్త, వాద్యకారుల పేర్లతో నింపిన క్యూ షీట్ నమూనాను కూడా పంపాలి.

చివరి పనికి పది నిమిషాలు చాలు. మిగిలిన పనంతా ముగిశాక అలసటలో చాలామంది వదిలేసేదీ అదే. ఏళ్ల తరువాత కూడా ఆ సంగీతం ఎవరిదో చెప్పగలిగేది ఆ ఒక్క కాగితమే.